వసారా దూలానికి మట్టిగూడు: మన వైపు కందిరీగలు

పెంకుటిళ్ల రోజుల్లో నెల్లూరు, ఒంగోలు వైపు కందిరీగ గూడు లేని ఇల్లు ఉండేది కాదు. వసారా దూలానికి ఒకటి, దేవుడి పటం వెనక ఒకటి, గొడ్లపాక నిట్టాడికి ఒకటి, పొగాకు బ్యారన్ కిటికీ మూలన నాలుగైదు. ఎండాకాలం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ వసారాలో చాపలేసుకుని నడుం వాలిస్తే, తల పైన సన్నటి రొద ఆగి ఆగి వినపడుతుండేది. తడిమట్టిని గోడకు ఆనించి, ఒళ్లంతా అదిరిస్తూ దాన్ని పలచగా పరిచేటప్పుడు వచ్చే చప్పుడు అది. అదిరితే మట్టి మెత్తబడి సాఫీగా సాగుతుంది. పైనుంచి మట్టి పెళ్ల రాలినా ఎవరూ చీపురు తీసేవాళ్లు కాదు. "దాని జోలికి పోబాకండ్రా, దాని పని అది చేసుకుంటది" అనేవాళ్లు ముసలివాళ్లు. గూడు కడితే ఇంట్లో కాన్పు అవుతుందని మురిసిపోయే ఇళ్లు కూడా ఉండేవి.

ఆ మట్టి కందిరీగ ఒళ్లు నలుపు, కాళ్లు పసుపు, నడుము దారప్పోగంత సన్నం. మన వైపు కనిపించే వాటిలో రెండు రకాలకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేర్లు స్కెలిఫ్రాన్ మద్రాస్పటానం, స్కెలిఫ్రాన్ కొరమాండెలికం. అంటే మన తీరం పేరే పెట్టారు. గుంపుగా బతికే రకం కాదిది. ఒక్క ఆడదే గూడు కడుతుంది, ఒక్కతే వేటాడుతుంది. గూటికి కాపలా కాయదు కాబట్టి మన మీదికి రాదు. చేత్తో పట్టుకుంటేనో, బట్టల్లో ఇరుక్కుంటేనో తప్ప కుట్టదు.

బావి చప్టా పక్కన, కుడితి తొట్టి కింద, బోరింగ్ పంపు కాలవలో దిగబడి మట్టి తవ్వుకునేది. జొన్నగింజంత ఉండను దవడల మధ్య పెట్టుకుని ఎగిరేది. ఒక్క అర కట్టడానికి అలాంటివి ఇరవై నుంచి నలభై ఉండలు కావాలి. అర అంటే అంగుళం పైచిలుకు పొడవున్న గొట్టం. ఒకదాని పక్కన ఒకటి నాలుగైదు కట్టాక, పైన మళ్లీ మందంగా మట్టి మెత్తేస్తుంది. అప్పుడు చూసేవాళ్లకు అది గోడకు ఎవరో విసిరికొట్టిన బురదముద్ద. అద్దంకి వైపు గూళ్లు నల్లరేగడి రంగులో, కనిగిరి, ఉదయగిరి వైపు ఎర్రగా ఉండేవి. ఒకే గూట్లో సగం ఎరుపు, సగం నలుపు కనిపిస్తే మధ్యలో ఒక తడి తావు ఎండిపోయి, ఇంకో తావుకు మారిందని అర్థం.

అర కట్టడం అయ్యాక వేట మొదలు. ఈ కందిరీగ పట్టేది సాలీళ్లనే. కంచెల మీద గుండ్రటి గూళ్లు అల్లేవి, ఆకుల మీద దూకేవి, పూల మీద పొంచి ఉండేవి, ఏవైనా చిన్నవి చూసి పట్టి, ఒక్క పోటు పొడిచి, అరలోకి తోస్తుంది. ఆ పోటుతో సాలీడు చావదు, కాళ్లూ చేతులూ పడిపోతాయి అంతే. చస్తే రెండు రోజుల్లో కుళ్లి, బిడ్డకు తిండి లేకుండా పోతుంది. ఒక్కో అరలో పది పదిహేను సాలీళ్లు పడతాయి. చిన్నవైతే ఇంకా ఎక్కువ. ముందు పెట్టిన వాటిలో ఒకదాని పొట్ట మీద తెల్లటి గుడ్డు ఒకటి పెట్టి, నింపడం పూర్తయ్యాక మూతి మూసేస్తుంది.

గోడలకు సున్నం వేసేటప్పుడు గూళ్లు గీకాల్సి వచ్చేది. అప్పుడు లోపల కనిపించేదాన్ని బట్టి ఎన్నాళ్లయిందో చెప్పొచ్చు. సాలీళ్లు మెత్తగా ఉండి కాళ్లు సన్నగా కదులుతుంటే మూతి వేసి రోజో రెండు రోజులో అయినట్టు. పసుపుతెలుపు పురుగు సాలీళ్ల మధ్య బలిసి ఉంటే వారం. సాలీళ్ల కాళ్ల ముక్కలు మాత్రమే మిగిలి, పలచటి గోధుమరంగు పొర తొడుక్కున్న గూడు ఉంటే పురుగు తినడం మానేసి రూపం మార్చుకుంటున్నట్టు. మన ఎండలకు మూడు నాలుగు వారాల్లో కందిరీగై, మట్టిని కొరికి బయటపడుతుంది. బయటి నుంచి చూసినా కొంత తెలుస్తుంది. శుభ్రంగా గుండ్రంగా ఒక పెద్ద రంధ్రం ఉంటే బిడ్డ క్షేమంగా వెళ్లిపోయింది. గుండుసూది మొనంత రంధ్రాలు ఉంటే లోపల ఇంకో కథ జరిగింది. కంటికి ఆనీ ఆనని చిట్టి కందిరీగలు దూరి, ఆ పురుగు మీదే గుడ్లు పెట్టి, పదులూ వందలుగా బయటికొచ్చాయి. అసలు రంధ్రమే లేకుండా లోపల సాలీళ్లు బూజుపట్టి ఉంటే గుడ్డు పొదగలేదు.

ఇంకో దొంగ కూడా ఉంది. ఆకుపచ్చ, నీలం కలిసి నిగనిగలాడే చిన్న కందిరీగ. తల్లి వేటకు పోయినప్పుడు అర చుట్టూ తచ్చాడి, సందు చూసి లోపల తన గుడ్డు పెట్టిపోతుంది. తల్లి పట్టుకుని కొరికినా, కుట్టినా, గట్టి పెంకున్న ఆ ఒంటిని గుండ్రంగా ముడుచుకుని తప్పించుకుంటుంది. ఈ నిగారింపు చూసి పిల్లలు దాన్ని అగ్గిపెట్టెలో పెట్టుకునేవాళ్లు.

భ్రమరకీటక న్యాయం మన హరికథల్లో, పురాణ కాలక్షేపాల్లో తరచూ వినపడేది. భ్రమరం ఒక పురుగును తెచ్చి మట్టిగూట్లో పెట్టి, చుట్టూ తిరుగుతూ ఝంకారం చేస్తుందని, ఆ పురుగు భయంతో భ్రమరాన్నే తలుచుకుని తలుచుకుని చివరికి భ్రమరమే అవుతుందని, జీవుడు దేవుణ్ణి తలచడం కూడా అలాంటిదేనని చెప్పేవాళ్లు. ఆ మాట చెప్పినవాళ్లు గోడ దగ్గర నిలబడి చూసినవాళ్లే అని నాకు గట్టి నమ్మకం. పురుగును లోపల పెట్టడం నిజం, రొద నిజం, మూసిన గూట్లోంచి పురుగు రాకుండా కందిరీగే రావడం నిజం. వాళ్ల కంటికి దొరకనిది ఆ చిన్న తెల్ల గుడ్డు ఒక్కటే.

న్యాయంలో చెప్పిన పురుగు సాలీడు కాదు, గొంగళి. అది తెచ్చేది ఇంకో రకం, కుండలు చేసే కందిరీగ. దీని పనితనం వేరు. మొదటిది తడిమట్టి ఉన్నచోటికే పోతుంది. ఇది నీళ్లు తాగి వచ్చి, పొడినేల మీద కక్కి, అక్కడికక్కడే మట్టి కలుపుకుంటుంది. అందుకే బావులు ఎండిపోయిన వేసవిలో కూడా పొడి గోడ దగ్గర పని చేసుకుంటూ కనిపించేది. కిటికీ ఊచ మీద, మల్లెపందిరి పుల్ల మీద గోలీకాయంత ముంత కడుతుంది, మూతి, అంచుతో సహా. గొంగళులను తేకముందే గుడ్డు పెడుతుంది. ముంత లోకప్పు నుంచి సన్నటి పోగుకు ఆ గుడ్డు వేలాడుతుంటుంది. గొంగళులకు పూర్తిగా పక్షవాతం రాదు, మెలికలు తిరుగుతూనే ఉంటాయి. గుడ్డు వాటి మధ్య పడితే నలిగిపోతుంది. పిల్ల పురుగు పైనుంచే మొదటి గొంగళిని అందుకుని, కాస్త బలం వచ్చాక కిందికి దిగుతుంది.

వీటన్నిటిలోకీ ఆశ్చర్యమైనది వంటచెరకు గదిలో, స్నానాల దొడ్లో కనిపించేది. మరకతం రంగు ఒళ్లు, తొడలు ఎరుపు, బొద్దింకలే దాని వేట. మొదటి పోటు రొమ్ము భాగంలో పొడుస్తుంది. రెండు మూడు నిమిషాలు బొద్దింక ముందుకాళ్లు పనిచేయవు. ఆ వ్యవధిలో రెండో పోటు తల లోపలికి, సరిగ్గా మెదడు దగ్గరికి దించుతుంది. తర్వాత ముందుకాళ్లు మళ్లీ ఆడతాయి, నడవగలదు, కానీ పారిపోవాలనే తలపు పోతుంది. నిలబడి మీసాలు దువ్వుకుంటుంది. కందిరీగ పోయి ఒక బొరియ చూసుకుని వచ్చి, దాని మీసాలు సగానికి కొరికి, కారిన రసం తాగి, మిగిలిన ముక్క పట్టుకుని పలుపుతో దూడను నడిపించినట్టు బొరియకు తోలుకుపోతుంది. తనకంటే బొద్దింక ఎంతో పెద్దది, మోయలేదు, అందుకే నడిపిస్తుంది. లోపల దాని నడిమికాలి మొదట్లో ఒక్క గుడ్డు పెట్టి, బయటికొచ్చి, ఇసుకరాళ్లు, పుల్లలు ఏరి కన్నం పూడ్చేస్తుంది.

ఇక కందిరీగ అనగానే అందరూ ఉలిక్కిపడేది కాగితపు గూడు పెట్టేదాన్ని తలుచుకుని. పాత తలుపు చెక్క, గొడ్లపాక గుంజ, ఎండి బూడిదరంగు తేలిన తాటిదూలం మీద అది దవడలతో గీకుతుంటే దగ్గర నిలబడితే ఆ గరగర వినపడుతుంది. గీకిన పీచును లాలాజలంతో నమిలి పలచటి కాగితం చేసి, ఆరు మూలల గదులు కడుతుంది. గూడు మొత్తం ఒక్క సన్నటి కాడకు వేలాడుతుంది. అంత బరువుకు అంత సన్నటి కాడ ఎందుకంటే చీమల కోసం. చీమ గూట్లోకి రావాలంటే ఆ కాడ ఒక్కటే దారి. తల్లి తన పొట్ట కొసను దానికి రాస్తూ చీమలకు గిట్టని రసం పూస్తుంది. ఒక్కతే గూడు మొదలుపెట్టిన రోజుల్లో వేటకు పోయే ముందు, వచ్చాక ఇది తరచూ చేస్తుంది. వాన జల్లుకు ఆ రసం కొట్టుకుపోయి, చీమలు ఎక్కితే రాత్రికి రాత్రే గూడు ఖాళీ.

ఇందులో తేనె ఉండదు. పెద్దవి పూల మధువు, మాగిన పండ్ల రసం తాగుతాయి. మాంసం పిల్లలకే. చేలో పచ్చపురుగును, లద్దెపురుగును పట్టి, పేగులు తీసేసి, నమిలి ముద్ద చేసి తెచ్చి గదిగదికీ పంచుతాయి. పిల్ల పురుగు మూతి నుంచి ఒక తీపి చుక్క తిరిగి ఇస్తుంది, పెద్దవి అది తాగుతాయి.

మన దక్షిణాదిలో అంతటా కనిపించే ఎర్రగోధుమ రంగు చిన్న కందిరీగ, రోపాలిడియా మార్జినాటా మీద బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గదగ్కర్ బృందం దశాబ్దాల పాటు పని చేసింది. ఈ గూట్లో రాణి ఎవరి మీదా పెత్తనం చేయదు, చాలా నెమ్మది. రాణిని తీసేస్తే, అప్పటిదాకా మామూలుగా తిరిగిన ఒక ఆడది ఉన్నట్టుండి అందరి మీదా విరుచుకుపడుతుంది. మిగతావేవీ ఎదురు చెప్పవు. వారం తిరిగేసరికి గుడ్లు పెట్టడం మొదలుపెట్టి, తనూ నెమ్మదస్తురాలైపోతుంది. ఎప్పుడు ఎవరు రాణి కావాలో గూట్లో వాటికి తెలుసు, చూసే మనుషులకే ముందుగా తెలియదు.

ఈ గూటికి మనిషి కంటే పెద్ద శత్రువు ఇంకో కందిరీగే. నల్లటి ఒంటికి నడుము దగ్గర ఒకే ఒక్క వెడల్పాటి నారింజ పట్టీ ఉన్న పెద్దది. తాటిపండు రాలినచోట, కల్లుకుండ మూతి మీద మన వైపు చాలామంది చూసే ఉంటారు. అది కాగితపు గూళ్లను వెతుక్కుంటూ వస్తుంది. వచ్చి గూటి మీద వాలితే చిన్నవి ఎదురు నిలవవు. లేచిపోయి పక్క ఆకుల కింద గుమిగూడతాయి. అది తాపీగా గది తర్వాత గది మూత కొరికి పురుగులను లాక్కుంటుంది. ఒకసారి రుచి తగిలాక గూడు తేలిపోయేదాకా వస్తూనే ఉంటుంది. తర్వాత చిన్నవి ఇంకోచోట మొదటి గది నుంచి మళ్లీ కడతాయి.

ఆ పెద్దదే తేనెపట్టు దగ్గరికి పోతే అంత సులువు కాదు. మర్రికొమ్మకో, నీళ్ల ట్యాంకుకో వేలాడే పెద్ద తేనెపట్టు దగ్గర అది ఎగురుతున్నప్పుడు గమనించండి. తేనెటీగలు ఒక చోట పొట్టలు పైకి లేపుతాయి, పక్కవి అందుకుంటాయి, పట్టు మీద చుట్టూ ఒక అల పరిగెడుతుంది. కందిరీగ దగ్గరైన కొద్దీ అలలు గట్టిపడతాయి. దానికి ఏ ఒక్క ఈగ మీదా గురి కుదరదు. తేనెగద్దకు మాత్రం ఇవేవీ లెక్కలేదు. మొహం మీద పొలుసుల్లాగా దట్టంగా ఉన్న ఈకల్లోకి కొండి దిగదు. కరెంటు తీగల మీద కూర్చునే సన్నటి ఆకుపచ్చ పిట్ట అయితే పట్టిన కందిరీగను తీగకేసి కొట్టి, తోక రాసి, విషం పిండేశాకే మింగుతుంది.

గూడూరు, పొదలకూరు, రాపూరు నిమ్మతోటల్లో కోత కూలీలకు కాగితపు గూటి కందిరీగలతో రోజువారీ వ్యవహారం. గూళ్లు ఛాతీ ఎత్తులో, గుబురు లోపలి నీడకొమ్మలకు ఉంటాయి. చెయ్యి పెట్టేముందు దోటితో కొమ్మను ఒకసారి మెల్లగా తట్టి, రెండడుగులు వెనక్కి నిలబడి చూసేవాళ్లు. లేచినవి ఎటు పోయాయో చూసి, ఆ చెట్టుకు పాతగుడ్డ కట్టి, దాన్ని వదిలేసి పోయేవాళ్లు. తెలివైన రైతు ఆ గూడు తీయించేవాడు కాదు. నిమ్మ లేత చిగుళ్లను కొరికే గొంగళి ముందు పిట్టరెట్టలా ఉండి, తర్వాత ఆకుపచ్చగా మారుతుంది. ఆ గొంగళిని కందిరీగలు చెట్టు చెట్టుకూ తిరిగి ఏరుకుపోతాయి.

కుట్టినప్పుడు ఏం చేయాలో కూడా వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే పాత వైద్యాల్లో కొన్ని పనికిరావు. కందిరీగ కొండి నున్నగా ఉంటుంది, తేనెటీగ కొండిలా చర్మంలో ఉండిపోదు. అందుకే ఒకటే నాలుగుసార్లు కుట్టగలదు. గూటి దగ్గర దాన్ని చేత్తో చరిచి చంపితే, విషం వాసనకు మిగతావి రెచ్చిపోతాయి, పెద్ద పట్టీదానితో మరీను. ముఖం కప్పుకుని అక్కడి నుంచి దూరంగా పోవడమే మంచిది. సున్నం రాయడం, ఇనుపముక్క రుద్దడం మన ఊళ్లలో మామూలు. విషం చర్మం లోపలికి దిగిపోయి ఉంటుంది, పైన రాసిన సున్నం దాకా రాదు, పైగా చర్మం కాలుతుంది. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయాలి. సబ్బునీళ్లతో కడిగి, చల్లటి తడిగుడ్డ పది పదిహేను నిమిషాలు పెట్టాలి. ఒళ్లంతా దద్దుర్లు లేచినా, పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. అప్పుడు కావాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్. పదుల కొద్దీ కుట్లు పడితే ఆ పూట బాగానే ఉన్నా ఆసుపత్రిలో చూపించుకోవాలి. కండలు దెబ్బతిని, మూత్రం టీ డికాషన్ రంగుకు మారి, కిడ్నీలు పాడయ్యే ప్రమాదం ఉంది.

గూడు తీయక తప్పదనుకుంటే మొదటి వారంలోనే తీయాలి. ఒక్క కందిరీగ, నాలుగైదు గదులు ఉన్నప్పుడు పొడవాటి కర్రతో కాడను తెంపితే అది ఇంకోచోటికి పోతుంది. ముదిరాక రాత్రిపూట, ఎర్ర లైటు పెట్టుకుని, ఒళ్లంతా కప్పుకునే చేయాలి. ఎర్ర రంగు వాటి కంటికి ఆనదు. తాటాకు చూరు కింద కాగడా పెట్టడం ఎప్పటికీ వద్దు, గూడు కోసం ఇల్లు తగలబెట్టుకున్నవాళ్లు ఉన్నారు.

మట్టి కందిరీగతో ప్రమాదం కుట్టడంలో కాదు, కన్నాలు పూడ్చడంలో ఉంది. పొలంలో మోటారు స్టార్టర్ డబ్బాకు కేబుల్ దూరే కన్నం తెరిచి ఉంటే లోపల గూడు కడుతుంది. కాంటాక్టుల మధ్య మట్టి చేరితే అవి సరిగ్గా అతుక్కోవు, స్టార్టర్ గుర్రుమంటుంది, కాయిల్ కాలుతుంది. మెయిన్ ఆపి, మట్టి పొడి బ్రష్‌తో దులిపి, కన్నాలు ఎం-సీల్‌తో మూయాలి. తాళం కన్నం, ఏసీ నీళ్ల పైపు, వాడని ప్లగ్గు రంధ్రం, అన్నీ దానికి తయారుగా ఉన్న అరలే. 1996 ఫిబ్రవరిలో డొమినికన్ రిపబ్లిక్‌లో పైకి లేచిన బిర్గెన్ఎయిర్ విమానం కూలి 189 మంది పోయారు. వేగం కొలిచే గొట్టం పూడుకుపోవడమే మూలం. మట్టి కందిరీగ గూడే పూడ్చి ఉంటుందని అనుమానించారు, ఆ గొట్టాలు మాత్రం సముద్రంలో దొరకలేదు.

కంటికి సరిగా ఆనని కందిరీగల లోకం ఇంకా పెద్దది. మేడిపండు పొట్ట విప్పితే పురుగులుంటాయని పలకా బలపం నాడే వల్లించాం. ఆ పురుగులు కందిరీగలే. పండుగా మనం అనుకునేది లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. ఆడది కొసన ఉన్న ఇరుకు దారిలో రెక్కలు తెగిపోతున్నా దూరి, తెచ్చిన పుప్పొడి పూలకు అంటించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి, లోపలే చనిపోతుంది. మగవాటికి రెక్కలే ఉండవు. ముందు అవి పుట్టి, ఆడవాటితో జతకట్టి, బయటికి దారి తొలిచి పోతాయి. ఆడవి ఆ దారిన పుప్పొడి మోసుకుని ఇంకో మేడిచెట్టుకు ఎగురుతాయి. మర్రికి, రావికి, మేడికి ఎవరి కందిరీగలు వాళ్లవే. అవి లేకపోతే ఆ చెట్లకు గింజ కట్టదు.

వరిలో కాండం తొలిచే పురుగు గుడ్లలో గుడ్లు పెట్టే ట్రైకోగ్రామా అనే కందిరీగ అర మిల్లీమీటరు. ఈ కందిరీగ లోపల పెరుగుతున్న గుడ్లను అంటించిన అట్టే ట్రైకో కార్డు, ఒక్కోదాని మీద దాదాపు 20,000 గుడ్లుంటాయి. హెక్టారుకు లక్ష, అంటే ఎకరాకు రెండు కార్డులు, నాటిన నెల నుంచి వారానికోసారి. కార్డును ముక్కలు చేసి సాయంత్రం పూట ఆకు అడుగున పిన్ను కొట్టాలి. మధ్యాహ్నం ఎండలో కడితే చస్తాయి, గట్టు మీద పడేస్తే చీమలు ఎత్తుకుపోతాయి, అదే వారంలో మందు కొడితే డబ్బు దండగ. ఎడగారు, అంటే ఎండాకాలపు పైరుకు వేడి ఎక్కువ కాబట్టి ఇంకా జాగ్రత్త పడాలి. గుడ్లు నల్లబడితే కందిరీగ లోపల ఉన్నట్టు.

అన్ని కందిరీగలూ రైతు పక్షమే అనడానికి లేదు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక చిట్టి కందిరీగ 2001లో కర్ణాటకలో కనపడి, తర్వాత మన జామాయిల్ తోటల్లోకీ పాకింది. ఆకు ఈనె మీద, లేత కొమ్మల మీద బుడిపెలు కట్టి మొక్కను గిడసబార్చేది. దాన్ని కూడా చివరికి అణిచింది దాని మీద బతికే ఇంకో చిట్టి కందిరీగలే.

ఇప్పుడు బావి చప్టాకు సిమెంటు, తలుపులకు పెయింటు, దొడ్డికి ఇనుప గేటు. గీకడానికి ఎండిన చెక్క లేదు, తవ్వడానికి తడిమట్టి లేదు. వాటికి మళ్లీ చోటివ్వాలనుకునేవాళ్లు చేయగలిగింది చిన్నది. ఒక వైపు కణుపు మూసి ఉన్న వెదురు ముక్కలు, జానెడు పొడవువి, 6 నుంచి 10 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్నవి, పదిహేను ఇరవై తీసుకుని కట్ట కట్టండి. లోపల పీచు లేకుండా సన్నటి పుల్లతో శుభ్రం చేయండి. వాన జల్లు పడని సన్‌షేడ్ కింద, తూర్పు ముఖంగా, కదలకుండా బిగించండి. గాలికి ఊగే కట్టలోకి రావు. కట్టిన తీగకు గ్రీజు రాస్తే చీమలు ఎక్కవు. పక్కన పాత మట్టిమూకుడులో బంకమట్టి వేసి తడుపుతూ ఉండండి. మూతులు మట్టితో మూసిన ముక్కలు కనపడితే గొంగళులను పట్టే రకం చేరి ఉండొచ్చు. ఏడాది తిరిగాక బయటపడ్డవి చూసి కొత్త వెదురు పెట్టాలి. పాతదాన్నే ఉంచేస్తే ఆ గుండుసూది మొనంత కందిరీగలు, బూజు అందులో పేరుకుపోయి మరుసటి ఏడు పిల్లలు దక్కవు.